బతుకమ్మ రోజు నీళ్ల స్టాల్: ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు (అమెరికాల బతుకమ్మ స్టాల్ పెట్టేటోళ్ల ముచ్చట)

స్టాల్ బాధ్యత: ఈసారి పోస్టర్లు వద్దు, పిల్లలు అటు దిక్కే చూడరు. గొలుసుకట్టు చెరువుల మోడల్ ఒక్కటే పెడదాం. పై చెరువు నిండి మత్తడి (ఎక్కువైన నీళ్లు పొయ్యే అలుగు) దుంకితే కింది చెరువు నిండుడు, పక్క బావిల నీళ్లు ఊరుడు వాళ్లే చేసి చూడాలె. బ్యాచ్‌కు ఎనిమిది మంది, 20 నిమిషాలు.

మోడల్ పని: 40×28 సెంటీమీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు మూడు, మెట్లలెక్క 15 సెంటీమీటర్ల తేడాతో. ఒక్కోదాంట్ల 5 సెంటీమీటర్ల మందం దొడ్డు ఇసుక అంటే సుమారు 9 కిలోలు, 50 పౌన్ల బస్తాలు రెండు కావాలె. ఇసుక హాల్ల పోసుకుందాం, ముందే నింపి మోస్తే డబ్బా అడుగు పగులుతది. మధ్యల కట్ట, దాని కింది దిక్కు 8 సెంటీమీటర్ల దూరంల బావి: చిల్లులు పెట్టి పల్చటి గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ గొట్టం. డబ్బా చివర ఇసుక మట్టానికి 3 సెంటీమీటర్ల గాడి కొయ్యాలె, జాలి అడ్డం పెట్టకపోతే ఇసుకంతా కింది డబ్బాలకు పోతది.

ఇంకో అక్క: అన్నా, కట్టకు ఆటబొమ్మల మట్టి తెస్తవా?

మోడల్ పని: అది నూనె మట్టి అక్కా, కరగదు, తెగదు. మనకు తెగాలె. తోట మట్టి, తడి ఇసుక సగం సగం. ఇసుకల 2 సెంటీమీటర్ల లోతు దించి, డబ్బా గోడలకు గట్టిగ అదమాలె, నీళ్లు ముందు పక్కలకెల్లే కారుతయి. మొదటిసారి మత్తడి లేకుండ పొయ్యనియ్యుర్రి. నీళ్లు కట్టెక్కి పొర్లితే నిమిషంల గండి పడుతది. రెండోసారి మత్తడి కోసి, అండ్ల గులకరాళ్లు పరిచి పోస్తే కట్ట నిలుస్తది. ఇసుక ముందే తడపాలె, లేకుంటే మొదటి రెండు లీటర్లు అదే తాగుతది.

ఇంకో అక్క: నల్లగొండ అంటే ఫ్లోరైడ్ గదా, అదీ చెబుదామా?

స్టాల్ బాధ్యత: అది గ్రానైట్ రాళ్లల్లకెల్లి నీళ్లల్ల కరిగే సంగతి, ఈ మోడల్‌ల కనవడదు. అడిగితే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పి ఆపుర్రి. దాని బదులు నల్లా లెక్క పెడదాం: చుక్కచుక్క కారే నల్లా కింద కొలత గ్లాసు 10 నిమిషాలు పెట్టి, వచ్చినదాన్ని 144తో గుణించాలె. 150 మిల్లీలీటర్లు వస్తే రోజుకు 21.6 లీటర్లు, 20 లీటర్ల క్యాను దాటినట్టే. వాన లెక్క ఇక్కడి పిల్లలకు గ్యాలన్లల్ల చెప్పాలె: వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే సుమారు 623 గ్యాలన్లు.

మోడల్ పని: నీళ్లల్ల ఎర్ర రంగు కలుపొద్దు, పట్టుచీరల మీద పడితే పోదు. నీలం నాలుగు చుక్కలు చాలు. పాత తువ్వాళ్లు ఆరు, కింద పరిచే టార్పాలిన్ ఒకటి ఎవరు తెస్తరు?