ఒకే డబ్ల్యూ-2కి (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం) రెండు సాఫ్ట్‌వేర్లు రెండు రీఫండ్లు చూపిస్తున్నాయి, ఏది నమ్మాలి?

కొత్త_ఓపీటీ
అందరికీ నమస్తే. 2023 ఆగస్టులో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఎంఎస్‌కి టెక్సాస్ వచ్చాను. 2025 మేలో చదువు అయిపోయింది, జూన్ నుంచి ఓపీటీలో, అంటే చదువయ్యాక అదే వీసా మీద పనిచేసే అనుమతితో, ఉద్యోగం చేస్తున్నా. 2025కి ట్యాక్స్ ఫైల్ చేద్దామని కూర్చుంటే బుర్ర తిరుగుతోంది. యూనివర్సిటీ కోడ్ ఇచ్చిన విదేశీ విద్యార్థుల సాఫ్ట్‌వేర్‌లో రీఫండ్ 780 డాలర్లు వస్తోంది, మా రూమ్మేట్ వాడే మామూలు సాఫ్ట్‌వేర్‌లో అవే వివరాలు కొడితే 3,280 అంటోంది. పోయినేడాది వాడి మాట విని ఆ మామూలు దాంట్లోనే ఫైల్ చేశా. క్యాంపస్ డైనింగ్‌లో చేసిన పనికి కట్టయిన పన్ను వెనక్కి వచ్చింది, దాంతోపాటు ఇంకో వెయ్యి డాలర్లు కూడా పడ్డాయి, ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారీ అదే నొక్కేయనా?

ఆవకాయ_అన్న
నొక్కకు తమ్ముడూ. తేడా సరిగ్గా 2,500 అనగానే విషయం అర్థమైంది, అది అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే చదువు క్రెడిట్ గరిష్ఠ మొత్తం. ఆ సాఫ్ట్‌వేర్ నిన్ను మొదట్లోనే "నువ్వు అమెరికా పౌరుడివా లేక రెసిడెంట్‌వా" అన్నట్టు ఒక ప్రశ్న అడిగి ఉంటుంది, నువ్వు ఇక్కడే ఉంటున్నాను కదా అని అవును కొట్టి ఉంటావు. ఇంటి అడ్రస్ టెక్సాస్‌లో ఉంటే పన్ను లెక్కలో రెసిడెంట్ అయిపోవు. ఎఫ్-1 వాళ్లకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, పన్నుకి రెసిడెంట్ అవునా కాదా తేల్చే రోజుల లెక్కలోకి రావు, డిసెంబర్ చివర్లో దిగినా ఆ ఏడాది ఒకటి కిందే లెక్క. అంటే నీకు 2023 నుంచి 2027 దాకా. అందుకే నువ్వు వేయాల్సింది నాన్‌రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్ఆర్, దాంతోపాటు ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పే 8843 ఫారం. మామూలు జనం వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ 1040-ఎన్ఆర్ తయారు చేయవు, పైగా నీ వీసా ఏంటో వాటికి తెలీదు, నువ్వేం కొడితే దాన్నే నమ్ముతాయి.

ఇంకో మాట, నాన్‌రెసిడెంట్‌కి ఆ క్రెడిట్ ఎలాగూ రాదు, ఒకవేళ నువ్వు రెసిడెంట్‌వే అయినా ఎంఎస్ వాళ్లకి రాదు. అది కాలేజీ మొదటి నాలుగేళ్ల వాళ్లకి. యూనివర్సిటీ ఇచ్చే ఫీజుల పత్రం 1098-టి తీసి తొమ్మిదో బాక్స్ చూడు, గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అని టిక్ ఉంటుంది. నాలుగేళ్ల కాలేజీ చదువు పూర్తయిందా అని సాఫ్ట్‌వేర్ అడిగితే మనవాళ్లు అమెరికాలో రెండేళ్లే కదా అని కాదు కొట్టేస్తారు. మరి ఇంట్లో ఫ్రేమ్ కట్టించిన బీటెక్ పట్టా ఏమైనట్టు?

బిందాస్_బ్రో
మావాళ్లంతా అలాగే చేస్తున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఊరికే టెన్షన్ పెట్టకండి.

ఆవకాయ_అన్న
ఇప్పటిదాకా కాలేదు అను. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి వెనక్కి వెళ్లి చూడటానికి మామూలుగా మూడేళ్ల టైం ఉంటుంది. నిర్లక్ష్యంగా ఆ క్రెడిట్ తీసుకున్నావని తేలితే రెండేళ్లు దాన్ని మళ్లీ అడగనివ్వరు, కావాలని మోసం చేశావని తేలితే పదేళ్లు. రేపు గ్రీన్ కార్డు కాగితాలతో పాటు పన్ను పత్రాలు పెట్టాల్సి వస్తే అప్పుడు ఈ 2,500 గుర్తొస్తుంది.

సింగిల్_చాయ్_అక్క
నేనూ ఎంఎస్‌లో ఉన్నప్పుడు ఇదే పని చేశాను కాబట్టి చెప్తున్నా, కంగారు పడకు నాన్నా. 2024ది సరిచేసుకోవచ్చు. సవరణ ఫారం 1040-ఎక్స్ నింపి, దానికి కొత్తగా తయారు చేసిన 1040-ఎన్ఆర్ జతచేసి, తప్పు ఎక్కడ జరిగిందో రెండు ముక్కల్లో రాసి పంపాలి. నేను పోస్టులో పంపాను, జవాబుకి నెలలు పట్టింది. పోయినేడాది అదనంగా పడ్డ ఆ వెయ్యి ఈ క్రెడిట్‌దే, అది, దానిమీద వడ్డీ కట్టేయ్. డైనింగ్ పని మీద వెనక్కి వచ్చిన పన్ను మాత్రం చాలావరకు నీదే, ఎందుకంటే నాన్‌రెసిడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే మొత్తం) ఉండదు గానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21(2) కింద మన విద్యార్థులకి ఉంది. 2024కి అది 14,600, 2025కి 15,750. యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్‌లో దేశం ఇండియా అని పెట్టినా సరే, అది నిజంగా వేసిందో లేదో పీడీఎఫ్ దించి కళ్లతో చూడు. ఫారం పైన 1040-ఎన్ఆర్ అని ఉండాలి, స్టాండర్డ్ డిడక్షన్ గడిలో ఆ అంకె ఉండాలి. నాకు మొదటిసారి అక్కడ సున్నా వచ్చింది, ఒక ప్రశ్న దాటేసినందుకు. బ్యాంకు వడ్డీ ఏమైనా ఉంటే, నాన్‌రెసిడెంట్‌కి దానిమీద పన్ను పడదు, అదీ చూసుకో. సాఫ్ట్‌వేర్ ఫీజు రీఫండ్‌లోంచి కోసుకోమంటే దానికి మళ్లీ వేరే ఫీజు, కార్డు గీకేయ్.

పేరోల్_మామ
ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. డబ్ల్యూ-2లో 4, 6 బాక్సులు చూడండి. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, ఓపీటీలో ఉన్న నాన్‌రెసిడెంట్‌కి ఇవి కట్ కాకూడదు. చాలా చిన్న కంపెనీలకి ఈ సంగతి తెలీదు, అందరితో పాటు కోసేస్తాయి. ఈ డబ్బు రిటర్న్‌లో వెనక్కి రాదు, ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా అంతే. ముందు కంపెనీనే అడగాలి, వాళ్లు ఇవ్వకపోతే వెనక్కి ఇమ్మని ఐఆర్ఎస్‌కి ఫారం 843, దాంతో 8316 వేయాలి. ఇంకోటి, ఈ అక్టోబర్‌లో హెచ్-1బి వచ్చిందనుకో, డిసెంబర్ దాకా 92 రోజులే, ఆ రోజుల లెక్కకి చాలవు కాబట్టి 2026కి కూడా మామూలుగా నాన్‌రెసిడెంట్‌వే. కానీ అక్టోబర్ నుంచి ఆ రెండూ కట్ అవుతాయి, అప్పుడు మళ్లీ ఇక్కడికొచ్చి అడగకు.

కొత్త_ఓపీటీ
అన్నా, అక్కా, మామా, అందరికీ థాంక్స్. మామూలు దాంట్లో డ్రాఫ్ట్ తీసేశాను. డబ్ల్యూ-2 చూస్తే 4లోనూ 6లోనూ అంకెలు ఉన్నాయి, నెల జీతంలో సగం దాకా ఉంది మొత్తం. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. రూమ్మేట్‌కి ఈ లింక్ పంపితే చదివాడు గానీ ఏమీ మాట్లాడటం లేదు.