పదేళ్ల దరఖాస్తుల లెక్క ఎంతకీ కుదరడం లేదు, తప్పెక్కడుందో చెప్పగలరా?

డిండి ఒడ్డు:
మధ్యాహ్నం రెండింటి నుంచి ఇదే పట్టిక ముందు కూర్చున్నాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. మా డిగ్రీ కళాశాలకు ఏటా ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ముందటి ఏడాది కంటే ఎంత శాతం పెరిగాయో తగ్గాయో 2014 నుంచి 2023 వరకు వేసి, రేపు పదకొండింటికల్లా ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాలి. ఎక్సెల్‌లో సూత్రం సరిగానే ఉంది, నాలుగు సార్లు చూసుకున్నాను. అయినా 2016లో దరఖాస్తులు సగానికి పైగా పడిపోయినట్టు, 2021లో ఒక్కసారిగా ఎగిసినట్టు, 2022లో మళ్లీ కూలినట్టు వస్తోంది. ఏటేటి శాతాలన్నీ కూడితే మొత్తం మీద పెరుగుదల కనిపిస్తోంది. మొదటి ఏడాదినీ చివరి ఏడాదినీ పక్కపక్కన పెడితే తరుగుదల! ఈ పట్టిక చూసే బి.ఏ. తెలుగు మాధ్యమం సెక్షన్ ఉంచాలా, తీసేయాలా అన్నది తేలుస్తారట. నా లెక్క తప్పి ఒక సెక్షన్ పోకూడదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

ఆకుపచ్చ సిరా:
అంకెలు ఏవి? సీట్ల కేటాయింపులో ఏ విడత వరకు లెక్కపెట్టారు? ఇవి చెప్పకుండా సూత్రం తప్పో ఒప్పో ఎలా తేల్చేది?

లెక్కల మాస్టారు, మహబూబ్‌నగర్:
అమ్మా, శాతాలను కూడకూడదు. 100 మందిలో 20 శాతం తగ్గితే 80 మంది మిగులుతారు. ఆ 80 మీద 20 శాతం పెరిగితే 96 అవుతారు గానీ మళ్లీ 100 కారు. తగ్గిందీ ఇరవయ్యే, పెరిగిందీ ఇరవయ్యే, కూడితే సున్నా. కానీ నలుగురు పిల్లలు తగ్గారు. ఏటేటి నిష్పత్తులను గుణించాలి: 0.8ని 1.2తో గుణిస్తే 0.96. మీ పదేళ్లకూ అలాగే గుణించుకుంటూ పోండి, మొదటికీ చివరికీ లంకె కుదురుతుంది.

ఇంకొక మాట. ఆడపిల్లల వాటా 40 శాతం నుంచి 50 శాతానికి చేరితే 'పది శాతం పెరిగింది' అని రాసేస్తుంటారు. పెరిగింది పది శాతం కాదు, పది శాతపు పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 25. ఎనిమిదో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు ఇదే చెప్పాను. పెద్దవాళ్లు కూడా ఇదే తప్పు చేస్తుంటే బాధగా ఉంటుంది.

కృష్ణాతీరం:
మాస్టారు చెప్పింది నిజమే కానీ అసలు సంగతి జిల్లాలు. 2016 అక్టోబర్ 11న నల్గొండ మూడు జిల్లాలయింది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. అదే రోజు పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరుపడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న వచ్చింది. అంతకు ముందు మీ జిల్లా పిల్లలుగా లెక్కకు వచ్చినవారు తరవాత పక్క జిల్లా వారయ్యారు. ఊరు కదలలేదు, పిల్లలు కదలలేదు, గడి మారింది. పదేళ్ల లెక్క వేసే ప్రతి ఒక్కరూ 'ఉమ్మడి జిల్లా' అని రాయాల్సిందే. ఇది ఎంత చెప్పినా ఎవరూ వినరు.

ఆకుపచ్చ సిరా:
2016 ప్రవేశాలు వేసవిలో మొదలయ్యాయి. జిల్లాలు విడిపోయింది అక్టోబర్‌లో. ఆ ఏడాది పడిపోవడానికి అది కారణం కాదు.

డిండి ఒడ్డు:
జిల్లా గడి మా పట్టికలో లేనే లేదండీ. మొత్తం దరఖాస్తుల సంఖ్య మాత్రమే. మాస్టారూ, గుణిస్తే మొదటికీ చివరికీ సరిపోయింది, నమస్కారం. కానీ 2016 అలాగే ఉంది. ఫైలు తెర ఫొటో పెడుతున్నాను.

ఆకుపచ్చ సిరా:
ఫొటోలో పిల్లల ఆధార్ అంకెలు కనిపిస్తున్నాయి. వెంటనే తీసేయండి. లెక్కకు ఆధార్ గడితో పనే లేదు, ఫైలులోనుంచే తొలగించండి.

డిండి ఒడ్డు:
తీసేశాను. తొందరలో చూసుకోలేదు, క్షమించండి.

తెలుగు తోట:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 'దరఖాస్తు' పారసీ నుంచి వచ్చిన మాట. 'విన్నపం' అని చక్కటి తెలుగు మాట ఉండగా కళాశాల కాగితాల్లోనైనా దాన్ని వాడుకోకూడదా?

కృష్ణాతీరం:
మా తాత పహాణీ నకలు కోసం తహసీలు కచేరీలో పెట్టుకున్నది దరఖాస్తే. ఆయనకు సంతకం కూడా రాదు, వేలిముద్ర వేసేవాడు. ఆ మాట మాత్రం ఆయన నోట్లో చక్కగా పలికేది. మూడు తరాలుగా మన ఇళ్లలో ఉన్న మాటను పరాయిది అనడం న్యాయం కాదు.

తెలుగు తోట:
పరాయిది అనలేదు. మనదీ ఒకటి ఉందని గుర్తు చేశాను.

సహాయ కేంద్రం అక్క:
మాట ఏదైనా, దాని కింద మీరు లెక్కపెడుతున్నది ఏమిటన్నదే ఇక్కడ గొడవ. నేను నాలుగు వేసవులు దోస్త్ (తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) సహాయ కేంద్రంలో పనిచేశాను. 'దరఖాస్తు' అనే మాటను మా బల్ల దగ్గరే నాలుగు రకాలుగా వాడేవారు. రుసుము కట్టి పేరు నమోదు చేసుకున్నవారు, మీ కళాశాలను ఐచ్ఛికాల్లో పెట్టుకున్నవారు, మీ దగ్గర సీటు వచ్చినవారు, సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో చేరతానని ధ్రువీకరించినవారు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు సంఖ్యలు. డిండి ఒడ్డు గారూ, మీ పదేళ్ల అంకెలు ఎక్కడినుంచి తీశారు?

డిండి ఒడ్డు:
అది చెప్పాలని తోచలేదు. 2014, 2015 అంకెలు దరఖాస్తు ఫారాలు అమ్మిన రిజిస్టర్‌లోవి. రెక్సిన్ అట్ట, వరుస సంఖ్య, పేరు, ఊరు, తీసుకున్న డబ్బు, పేజీ అడుగున ఎర్ర సిరాతో మొత్తం. 2016 నుంచి 2019 వరకు సీట్లు వచ్చినవారి జాబితాలు కాగితం మీద ఉన్నాయి, వాటిని నేనే టైపు చేశాను. 2020 నుంచి కంప్యూటర్ ఫైళ్లు. విడతలవారీగా వచ్చినవాటిని ఒకదాని కింద ఒకటి అతికించాను.

సహాయ కేంద్రం అక్క:
దొరికింది. మీ సూత్రంలో తప్పేమీ లేదు.

డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ మొదలైంది 2016లో. అంతకు ముందు పిల్లవాడు ఏ కళాశాలకు ఆ కళాశాల దగ్గర ఫారం కొనేవాడు. దేవరకొండ పిల్ల నల్గొండలో రెండు, హైదరాబాద్‌లో ఒకటి కొంటే మూడు రిజిస్టర్లలో మూడు దరఖాస్తులు. పైగా మీది అమ్మిన ఫారాల లెక్క, నింపి తిరిగి ఇచ్చినవాటి లెక్క కూడా కాదు. దోస్త్ వచ్చాక ఒక్క పిల్లకు ఒక్కటే దరఖాస్తు, దానిలోనే ఎన్నో ఐచ్ఛికాలు. కాబట్టి 2015 అంకెనూ 2016 అంకెనూ ఒకే వరుసలో పెట్టి శాతం తీయకూడదు. మధ్యలో అడ్డగీత గీసి రెండు పట్టికలు చేయండి.

ఇక 2020, 2021. 2020లో ఇంటర్ రెండో ఏడాది తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష రద్దు చేసి అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2021లో కరోనా వల్ల రెండో ఏడాది పరీక్షలే జరగలేదు, మొత్తం అందరూ ఉత్తీర్ణులే. డిగ్రీకి అర్హులైనవారే పెరిగారు. 2022ను 2021తో పోలిస్తే కూలినట్టే కనిపిస్తుంది. 2019తో కూడా పోల్చి పక్కన మరో గడి పెట్టండి. మీ సెక్షన్ మంచిచెడ్డలు ఆ గడిలో తెలుస్తాయి.

ఆకుపచ్చ సిరా:
మొదటి విడతలో సీటు వచ్చి, ఇంకా మంచిదాని కోసం రెండో విడతకు వెళ్లినవాళ్లు రెండు జాబితాల్లోనూ ఉంటారు. దోస్త్ గుర్తింపు సంఖ్య ఆధారంగా నకళ్లు తీసేయండి. ముందు ఆ గడి మొత్తాన్ని ఒకే తీరుకు తెండి. కొన్ని సంఖ్యలుగా, కొన్ని పాఠ్యంగా ఉంటాయి. చివర ఖాళీ ఉన్నా నకలు పట్టుబడదు.

లెక్కల మాస్టారు, మహబూబ్‌నగర్:
అక్క చెప్పినదంతా బాగుంది. కానీ తగ్గుదల అంతా కాగితం మీదిదే అనుకోకండి. వెనుకటి రోజుల్లో హైదరాబాద్ కళాశాలలో ఫారం తేవాలంటే ఒక రోజు కూలి, రానుపోను బస్సు ఛార్జీ. ఇప్పుడు అచ్చంపేటలో మీసేవ దగ్గర కూర్చుని నగరంలోని కళాశాలలన్నీ పెట్టుకోవచ్చు. పిల్లలకు ఇది మంచిదే, వద్దనను. అయితే తెలుగులో చరిత్ర చదవాలనుకునే పిల్ల ఊరికి దగ్గరగా సెక్షన్ లేకపోతే నగరానికి పోదు, ఇంట్లోనే ఉండిపోతుంది. ఇద్దరు మనవరాళ్ల తాతగా అంటున్నాను. శాతం ఒక్కటే రాయకండమ్మా, పక్కన తలల లెక్క కూడా రాయండి.

కృష్ణాతీరం:
జిల్లా గడి కూడా చేరిస్తే బాగుంటుంది. ఉమ్మడి జిల్లా అని.

డిండి ఒడ్డు:
అర్ధరాత్రి దాటింది. 2023 ఫైలులో 347 వరుసలుంటే 119 నకళ్లు తేలాయి. అంటే పిల్లలు 228 మంది. మిగతా మూడేళ్లూ ఇలాగే చేస్తున్నాను. 2014, 2015 వేరే పట్టికలోకి తీసేశాను. 2018 కాగితాల్లో మాత్రం మొదటి విడత ఒక్కటే ఉన్నట్టుంది. మిగతావి ఎక్కడైనా దొరుకుతాయా?

సహాయ కేంద్రం అక్క:
ప్రవేశాలు చూసిన లెక్చరర్‌ను అడగండి, చాలామంది ఒక ప్రతి దాచుకుంటారు. దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదలండి. అంచనా అంకె మాత్రం వేయకండి.

డిండి ఒడ్డు:
బీరువా అంతా వెతికించాను, దొరకలేదు. ఖాళీగా వదిలి కింద కారణం రాశాను. తలల లెక్క కూడా పెట్టాను. ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారు, వెళ్తున్నాను. అందరికీ ధన్యవాదాలు.

తెలుగు తోట:
పట్టిక పైన శీర్షికలో ఏ మాట వాడారు?

లెక్కల మాస్టారు, మహబూబ్‌నగర్:
నాలుగు రోజులయిందమ్మా. సెక్షన్ సంగతి ఏమైంది?