‘అవగాహన కల్పించడం’ బదులు ఏ క్రియ వాడాలి?

ప్రశ్న: కంపెనీ శిక్షణ పత్రాల్లో లక్ష్యం దగ్గర ‘ఫిర్యాదుల పరిష్కారంపై అవగాహన కల్పించడం’ అని రాస్తుంటాం. తెలుగు తప్పేమీ లేదు. కోర్సు అయ్యాక మాత్రం ‘మేం అడిగింది ఇది కాదు’ అని పేచీ వస్తోంది. మాట మార్చాలా?

జవాబు: మార్చాల్సిందేనండీ. అవగాహన కంటికి కనబడేది కాదు. ఆ మాట చదివి సేల్స్ హెడ్ ఫిర్యాదులు తగ్గుతాయనుకుంటారు, హెచ్‌ఆర్ వాళ్లు హాజరు పూర్తయితే చాలనుకుంటారు, శిక్షకుడు స్లైడ్లు అయిపోతే పనైపోయిందనుకుంటాడు. ముగ్గురూ సంతకం పెట్టేస్తారు! లక్ష్యానికి మూడు అంగాలుండాలని, శిక్షణ లక్ష్యాలు రాయడంపై పుస్తకం రాసిన రాబర్ట్ మేగర్ 1962లోనే చెప్పాడు: చేసే పని, ఏ పరిస్థితిలో, ఎంత బాగా. ఇలా రాయండి: ‘విభాగాల పట్టిక చూసుకుంటూ, 10 నమూనా ఫిర్యాదుల్లో కనీసం 9 సరైన విభాగానికి పంపగలరు.’ తెలుసుకుంటారు, గ్రహిస్తారు లాంటివి వద్దు, అవీ అవగాహనకి చుట్టాలే.

మరొకరు: ‘పంపగలరు’తో చిక్కుందండీ. ఆఫీసు తెలుగులో ‘గమనించగలరు’, ‘హాజరు కాగలరు’ అంటే మర్యాదగా చెప్పే ఆదేశం. చదివినవాళ్లు ‘పంపండి’ అనుకునే ప్రమాదముంది. ‘కోర్సు పూర్తయ్యేసరికి పంపగలుగుతారు’ అంటే సామర్థ్యమనే అర్థం స్థిరపడుతుంది.

జవాబు: నిజమే, ‘గలుగుతారు’ నయం. ఇంకో సంగతి. ‘ఫిర్యాదులు 20 శాతం తగ్గుతాయి’ అని పెట్టమని అడుగుతారు, కోర్సు లక్ష్యంలో పెట్టొద్దు. శిక్షణ ఎంత పనిచేసిందో కొలిచే కిర్క్‌ప్యాట్రిక్ నాలుగు మెట్లలో (స్పందన, నేర్పు, పనిలో మార్పు, ఫలితం) అది చివరిది. రెండో మెట్టు వరకు పూచీ మనది. మూడోదానికి మేనేజరు వెంటపడి చేయించాలి. సాఫ్ట్‌వేర్‌లో విభాగం ఎంచుకునే గడే లేకపోతే ఎంత శిక్షణిచ్చినా ఫిర్యాదు తప్పుదారే పడుతుంది. అందుకని ‘విభాగం చేయాల్సినవి’ అని కింద వేరే రాసి, చేసేవారి హోదా, గడువు వేయండి.

స్లైడ్లు మొదలుపెట్టకముందే ఆ 10 నమూనాలూ తయారుచేసి, ఆమోదించే అధికారి ముందు పెట్టండి. ‘వీటిలో 9 సరిగ్గా చేసినవాళ్లు మీకు పనికొస్తారా?’ అని అడగండి. తల అడ్డంగా ఊపితే అప్పుడే తిరగరాయొచ్చు. ఆమోదం ఒక్కరిదే ఉండాలి. ఇద్దరైతే రెండోవారి సవరణ మొదటివారి సవరణను కొట్టేస్తుంది, గడువు జారిపోతుంది.

ప్రశ్న: మరి ‘అవగాహన’ ఎక్కడా వాడకూడదా?

జవాబు: పరీక్ష లేని అరగంట పరిచయ సమావేశానికి నిక్షేపంగా వాడండి. అక్కడ కల్పించేది అదే.