'అబైడ్ విత్ మీ' రాసినాయన గురించి చెప్పరూ

ప్రశ్న:
ఏటా రిపబ్లిక్ డే వేడుకల ముగింపులో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో 'అబైడ్ విత్ మీ' అనే ఈ క్రైస్తవ కీర్తన రాగానే మా నాన్నగారు టీవీ సౌండు పెంచేవారు, గాంధీగారికి ఇష్టమైన పాట అని. 2022 నుంచి తీసేశారు. రాసింది ఒక పాస్టరుగారని, చివరి రోజుల్లో తనే ఈ బాణీ కట్టుకుని పాడుకున్నారని ఎవరో చెప్పారు. నిజమేనా?

జవాబు 1:
రాసింది హెన్రీ ఫ్రాన్సిస్ లైట్‌గారండీ. ఇంగ్లండులో బ్రిక్స్‌హామ్ అనే జాలర్ల ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా సేవ చేశారు. ఊపిరితిత్తుల జబ్బుతో 1847 నవంబరు 20న, ఇప్పటి ఫ్రాన్సులోని నీస్‌లో చనిపోయారు. బాణీ మాట మాత్రం నిజం కాదు. ఆయన కట్టుకున్న బాణీ వేరే ఉంది, అది నిలవలేదు. మనం వినేది 1861లో విలియం హెన్రీ మంక్ కట్టింది. అంటే ఈ స్వరం లైట్‌గారి చెవిన పడనే లేదు.

మా చర్చిలో ఆర్గన్ వాయించేది నేనే. భూస్థాపన ఆరాధనల్లో ఈ పాట ఎన్నిసార్లు వాయించానో! ఆదుకునేవాళ్ళు లేనప్పుడు, దిక్కులేనివారికి దిక్కైనవాడా, నాతో ఉండు అనే మాటలు మొదటి చరణంలోనే వస్తాయి. అక్కడ నా వేళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. ఎందుకంటే లైట్‌గారి చిన్నతనం అలాంటిది. 1793లో స్కాట్లాండులో పుట్టారు. తండ్రి వదిలేసి పోయాడు, తల్లి చనిపోయింది. ఐర్లండులో పోర్టోరా బడి హెడ్మాస్టరు రాబర్ట్ బరోస్ ఫీజు తనే కట్టి, సెలవుల్లో సొంత బిడ్డలా ఇంట్లో ఉంచుకున్నారు. ఆ మాట పుస్తకాల్లోంచి వచ్చింది కాదని నా నమ్మకం.

జవాబు 2:
1820లోనే, మరణశయ్య మీదున్న స్నేహితుణ్ణి చూసి రాశారని కూడా అంటారు కదండీ?

జవాబు 1:
అంటారండీ. ఇంట్లోవాళ్ళు చెప్పింది మాత్రం 1847 సెప్టెంబరులో, ఆఖరి ప్రసంగం చేసిన రోజుల్లో అని. ఎప్పుడు రాసినా మూలం బైబిల్లో లూకా సువార్త 24వ అధ్యాయమే. ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులు, పొద్దు గుంకుతోంది, మాతోనే ఉండమని యేసు ప్రభువును బలవంతం చేస్తారే, అది. పొద్దు అంటే ఇక్కడ ఆయుష్షు. అందుకే దీన్ని ఉత్త సాయంకాలపు పాటగా గబగబా పాడేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. బరోస్ మాస్టారి పేరు రెండుసార్లు చెప్పించుకున్నారు. నాన్నగారు కూడా మేనమామగారింట్లో ఉండి చదువుకున్నవారే.