హైదరాబాదు చుట్టుపక్కల బుష్‌క్రాఫ్ట్ సాధనకు తోడు కావాలి

మేడ్చల్ నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా నేను ఒంటరిగా బుష్‌క్రాఫ్ట్ సాధన చేస్తున్నాను. ఒక కత్తి, ఒక తాడు వంటి కొద్దిపాటి సామానుతో నిప్పు రాజేయడం, తలదాచుకోవడానికి పందిరి కట్టుకోవడం, నార పేనడం, చెట్టూ చేమా గుర్తుపట్టడం నేర్చుకోవాలన్నది నా కోరిక. ట్రెక్కింగ్ బృందాలతో మూడు నాలుగు సార్లు వెళ్ళాను. అందరూ మంచివారే గానీ, వారి ధ్యాసంతా కొండ ఎక్కి దిగడం మీదనే ఉంటుంది. ఒకచోట కూర్చుని రెండు గంటలపాటు ఒక కర్ర చెక్కుదామంటే కలిసివచ్చేవారు లేరు.

ఒంటరి సాధనలో తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పేవారు ఉండరు. పోయిన నెల రాపిడితో నిప్పు పుట్టిద్దామని ఎండిన మునగ కొమ్మతో పలక, పుల్ల రెండూ తయారుచేసి, పలక మీద నిలబెట్టిన పుల్లను విల్లు తాడుతో అరగంట తిప్పాను. పొగ దండిగా వచ్చింది, లేత గోధుమరంగు పొడి రాలింది, నిప్పు కణిక మాత్రం పడలేదు. అనంతగిరి లేదా నర్సాపూర్ అడవిలో ఆదివారాలు కలిసి సాధన చేయగలవారు ఎవరైనా ఉన్నారా?

మామిడితోట:

తోడు సంగతికి ముందు చోటు సంగతి చెప్పాలి. మీరు పేర్కొన్న రెండుచోట్లా ఉన్నది రిజర్వు అడవి. అక్కడ నిప్పు రాజేయడం, పచ్చికొమ్మ నరకడం అటవీ చట్టం ప్రకారం నేరాలు. అమ్రాబాద్ వంటి పులుల అభయారణ్యంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది కనుక, అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టడమే తప్పవుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఆకు రాలి నేలంతా ఎండుటాకులతో నిండి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ ఎంత అడవిని కాలుస్తుందో చూసినవాడిని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ సాధనకు సొంత పొలమో, యజమాని ఒప్పుకున్న తోటో సరిపోతుంది. చేవెళ్ళ దగ్గర మా మేనమామగారి మామిడితోట ఉంది. ఆకులన్నీ ఊడ్చి, మట్టి కనిపించేదాకా నేల గీకి, పక్కన రెండు బిందెల నీళ్ళు పెట్టుకున్నాకే అక్కడ పొయ్యి వెలిగిస్తాం. ప్రస్తుతం ముగ్గురం ఉన్నాం, మీరూ రావచ్చు.

ఏటిగట్టు:

మీ పొడి రంగులోనే జవాబు ఉంది. లేత గోధుమరంగు పొడి రాలిందంటే వేడి చాలలేదని అర్థం. మెత్తగా, దాదాపు నల్లగా రాలాలి. పలకకు అంచు నుంచి కోసిన గాటు, పుల్ల తిరిగే గుంట నడిమిదాకా చేరిందో లేదో చూడండి. చేరకపోతే పొడి ఒకచోట కుప్పపడదు. మొదట నెమ్మదిగా, కవ్వంతో మజ్జిగ చిలికినంత నిలకడగా తిప్పి, పొగ చిక్కబడ్డాక పైనుంచి ఒత్తిడి, వేగం రెండూ పెంచండి. విల్లు కొసలదాకా పూర్తిగా లాగడం అవసరం. వానాకాలంలో పుల్లలు చేసుకుంటే, వాటిని కనీసం రెండు వారాలు ఇంట్లో ఆరబెట్టాలి.

ఇక మనుషుల విషయం. బుష్‌క్రాఫ్ట్ అనే మాట తెలిసినవారిని మాత్రమే వెతికితే మీకు నగరంలో పదిమంది దొరుకుతారేమో. ఆ పని తెలిసినవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నాకు తాడుకు ముడులు వేయడం నేర్పింది మా ఊరి గీత కార్మికుడు. ఆయన మోకు మీద రోజూ తన ప్రాణాన్ని నిలుపుతాడు కాబట్టి, ఏ ముడి బరువు పడేకొద్దీ బిగుస్తుందో, ఏది జారుతుందో ఆయన వేళ్ళకే తెలుసు. గొర్రెల కాపరి గొంగడిని తలమీదుగా కప్పుకుని వానలో నిలబడే తీరు చూస్తే, తడిసినా వెచ్చదనం పోని గుడ్డ ఏదో తెలుస్తుంది. మోదుగ వేరు నుంచి నార తీయడం కూడా నేను ఒక కాపరి దగ్గరే చూశాను. అయితే వారి పనివేళ చెడగొట్టకుండా వెళ్ళండి, వారి సమయానికి తగిన డబ్బు ఇవ్వండి. నల్లమలలోని చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) మాత్రం నేర్చుకుంటామంటూ గుంపులుగా వెళ్ళవద్దని నా మనవి. అవి వారి ఇళ్ళు.

ముడి:

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ స్థానిక శాఖలో అడిగి చూడండి. కర్రలు, తాళ్ళతో వంతెనలు, మంచెలు కట్టే పయొనీరింగ్ వారి శిక్షణలో భాగం. పెద్దవయసు వారికి నాయకులుగా చేరే వీలుంది. పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాకే నేను వేసే ముడులు నిలిచాయి.

మేడ్చల్ నివాసి:

చోటు విషయంలో నేను ఆలోచించకుండా అడిగాను; సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. ఇవాళ పలక తీసి చూశాను, గాటు గుంట అంచు దగ్గరే ఆగిపోయి ఉంది. మామిడితోట గారూ, వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి చేవెళ్ళ చేరగలను. మా వీధిలో తాటినారతో తాళ్ళు పేనే పెద్దాయన ఒకరు ఉన్నారు. మీకు అభ్యంతరం లేకపోతే, ఆయన్ని ఒప్పించి వెంట తీసుకువస్తాను. బిందెలు నేను తేవాలా?