అప్‌డేట్: బూట్ మెనూలోకి విండోస్ తిరిగొచ్చింది

విండోస్ పక్కన ఉబుంటు (లినక్స్ ఓఎస్) వేశాక, కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ ఓఎస్ కావాలో అడిగే బూట్ మెనూలో విండోస్ కనిపించడం లేదని మొన్న అడిగాను కదా, సంగతి తేలింది. విండోస్ ఎక్కడికీ పోలేదు. ఆ మెనూ చూపించే ప్రోగ్రామ్ గ్రబ్‌లో 2.06 వెర్షన్ నుంచి వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని డిజేబుల్ చేసే లైన్‌కు ‘ఫాల్స్’ అని పెట్టి, అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడిపితే విండోస్ ప్రత్యక్షం! రెండు రాత్రులు ఫార్మాట్ చేయాలేమోనని టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే రెండు నిమిషాల పని.

ఇంకోటి. ఉబుంటు నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రాస్తే, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటోంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ గడియారాన్ని లోకల్ టైమ్‌కు మార్చాను. హెచ్చరిక చూపించింది గానీ, మన దగ్గర ఎండాకాలం గంట ముందుకు జరిపే గొడవ లేదు కాబట్టి వదిలేశాను.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆపమని సలహా ఇచ్చినవాళ్లకు: ఆపకుండానే రెండూ నడుస్తున్నాయి.