జరిగిందా, జరిపిందా? నాన్నగారి నోట్సులో ఒక అక్షరం

పార్వతీపురం: నాన్నగారు బి.ఏ. చదివిన రోజుల చరిత్ర నోట్సు తిరగేస్తున్నాను. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అమెరికా పొలిమేర ఏటేటా పడమటికి జరి–ంది." మధ్య అక్షరం మీద సిరా అలుక్కుపోయింది, పైన గుడి మాత్రం తెలుస్తోంది. నా చెవిలో 'జరిగింది' అనే ఉంది, ఆయన పైకి చదువుతుంటే విన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే మాత్రం 'పి' లా ఉంది. అచ్చులో కూడా ఎక్కడో చూసిన గుర్తు. ఎవరికైనా తగిలిందా?

తెనాలి: 'గి' యేనండీ, సందేహం లేదు. ఇది అమెరికా చరిత్రకారుడు టర్నర్ బాణీ. 1893 జులైలో షికాగోలో చదివిన వ్యాసంలో పొలిమేరే నడుస్తుంది, మనుషులు దాని వెంట వెళ్తారు. వలస వచ్చినవాణ్ణి అడవి లొంగదీసుకుంటుందంటాడు. (అదే ఊళ్లో, అదే ఏడు సెప్టెంబరులో వివేకానందుడు మాట్లాడాడు. రెండు నెలల తేడా! ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.) ఆ వ్యాసం చదివి పాఠం చెప్పిన లెక్చరరు 'జరిగింది' అనే అంటాడు.

నల్గొండ: మాస్టారూ, గెట్టు దానంతట అది జరుగుతదా? మా ఊళ్లె గెట్టు పంచాయితీ పడితే 'జరిగింది' అని ఎవరంటరో తెలుసా? జరిపినోడే అంటడు. వానకు కోసుకపోయింది, నాగలి తగిలింది అంటడు. భూమి పోయినోడు 'జరిపిండు' అంటడు. పార్వతీపురం అన్నా, మీ నాయన ఏ దిక్కు నిలబడి రాసిండో ఆ ఒక్క అక్షరంల ఉంది.

తెనాలి: భావం బాగుందమ్మా, కానీ వ్యాకరణం ఒప్పుకోవాలి కదా. 'జరిపింది' అయితే 'పొలిమేరను' అని ఉండాలి. అక్కడ 'ను' లేదు.

కాకినాడ: అక్కర్లేదండీ. జడానికి ద్వితీయ బదులు ప్రథమ వస్తుందని బాలవ్యాకరణం చదివిన మీకు నేను చెప్పాలా? చెట్టు కొట్టాడు, ఇల్లు కట్టాడు, పొలిమేర జరిపింది. ఇంకా లోతుకు వెళ్లండి. 'గి' పెడితే 'అమెరికా' షష్ఠి అవుతుంది, అమెరికా యొక్క పొలిమేర. 'పి' పెడితే అదే మాట ప్రథమ, కర్త. ఒక హల్లు మారితే ఒక దేశం వాక్యంలో సాక్షి స్థానం వదిలి ముద్దాయి స్థానంలోకి వస్తోంది. ఇరవయ్యేళ్లుగా జరుగు–జరుపు వంటి జంటలు పోగుచేస్తున్నాను, ఇంత పదునైన ఉదాహరణ నాకు దొరకలేదు.

తెనాలి: ఒప్పుకుంటాను, రెండూ నిలుస్తాయి. అయినా ఆ రోజుల్లో క్లాసు నోట్సులో అంత తెగింపు ఉంటుందనుకోను.

పార్వతీపురం: అసలు 'పొలిమేర' అనే మాటే నన్ను ఆపింది. మిగతా పాఠమంతా 'సరిహద్దు' అనే రాశారు, ఇక్కడొక్కచోటే మార్చారు.

కాకినాడ: ఆ మార్పు తెలిసి చేసిందే అయి ఉంటుంది. ఐరోపాలో సరిహద్దంటే జనం కిటకిటలాడే చోట కోటలు కట్టుకున్న గీత, అమెరికాలో అది కాదని టర్నరే విడదీసి చెప్పాడు. ఆ రెండో దానికి మన సరిహద్దు చాలదు.

నల్గొండ: పొలిమేర కూడ సరిపోదు టర్నర్‌కు. ఆయనకు గీత అవతల ఖాళీ నేల. మా ఊరి పొలిమేర దాటితే పక్కూరి పొలిమేరే, నడుమ ఎవరిది కాని జాగ ఉండదు. 1890 జనాభా లెక్కల్ల చదరపు మైలుకు ఇద్దరు కూడ లేకుంటే మనుషులు లేని చోటు కింద లెక్క. పన్ను కట్టని మూలవాసులను విడిగ లెక్కపెట్టిండ్రు గని ఆ లెక్కల కలపలే. కలపకుంట ఖాళీ అన్నరు. మీ నాయన పొలిమేర అని రాసిండంటే అవతల ఇంకో ఊరున్నదని ఒప్పుకున్నట్టే. నాకైతే 'పి' యే.

తెనాలి: పొలిమేర అన్నాక 'పొలి' సంగతి వదలకూడదు. పొలము + మేర అని సరిపెట్టేస్తారు చాలామంది. జాతరలో ఊరి చుట్టూ రక్తం కలిపిన అన్నం చల్లుతూ పోతారే, ఆ పొలి ఇందులో ఉందని నా నమ్మకం. బలి పడిన మేర పొలిమేర.

కాకినాడ: మాస్టారూ, 'పొలము'లో 'ల' సమాసంలో 'లి' కావడానికి బలి అక్కర్లేదు. ఇది చూడండి. పయనీర్, అంటే కొత్త నేలకి ముందుగా వెళ్లినవాడు, అనే మాట పాత ఫ్రెంచిలో కాలిబంటు నుంచి వచ్చింది, మన పదాతిలోని పాదమే దాని వేరు. పడమటికి నడిచిన ఆ కాలిబంట్లను పిలుస్తూ అమెరికా కవి విట్మన్ 1865లో కవిత రాశాడు. 1934లో శ్రీశ్రీ "పదండి ముందుకు, పదండి త్రోసుకు" అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని గొంతెత్తి చదవండి, నడక ఒకటే!

తెనాలి: నడక ఒకటి కావచ్చు, 'త్రోసుకు' వేరు. అందులో 'కొను' ఉంది. గుంపులో భుజంతో దారి చేసుకోవడం అది, ఎదుటివాణ్ణి తోసెయ్యడం కాదు. శ్రీశ్రీ జనానికి ముందూ వెనకా సైన్యం లేదు, వాళ్లకి ఎవడూ 160 ఎకరాలు రాసివ్వలేదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం పయనీర్లకి రాసిచ్చింది. ఆ పద్యం నాకు పన్నెండో ఏట నోటికొచ్చింది, దాన్ని పయనీర్ల బళ్ల బారుల పాటతో కలపొద్దు.

కాకినాడ: సరే, వెనక్కి తీసుకుంటున్నాను. అయితే అమెరికా పత్రికా సంపాదకుడు ఓసల్లివన్ 1845లో టెక్సస్‌ని కలుపుకోవడం గురించి వాడిన 'మానిఫెస్ట్ డెస్టినీ'ని, ఖండమంతా విస్తరించడం తమకి దేవుడిచ్చిన హక్కన్న మాటని, ఏమంటారు? 'విధిలిఖితం' అన్నవాళ్లని చూశాను.

నల్గొండ: విధి, తలరాత అనేది పోగొట్టుకున్నోడు ఏడ్చుకుంట అనే మాట. పక్కోని పొలం గుంజుకుని 'నా తలరాత' అనుడు మన భాషల లేదు. 'దైవాజ్ఞ' కొంత నయం.

తుల్సా: ఆలస్యంగా చూశాను. నేనుంటున్న ఊరు, అమెరికాలోని ఓక్లహోమాలో, మస్కోగీలనే మూలవాసుల నేల మీద ఉంది. మూలవాసుల్ని పడమటికి తరలించే 1830 చట్టంతో వాళ్లని అలబామా నుంచి వెళ్లగొట్టారు. 1836లో వచ్చినవాళ్లు పాత ఊరి పొయ్యిల బూడిద వెంట తెచ్చి ఇక్కడొక ఓక్ చెట్టు కింద నిప్పు రాజేశారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, వెళ్లి చూశాను. రెండేళ్లకి చెరోకీలనే ఇంకో మూలవాసి జాతి వంతు. సుమారు 16,000 మంది కదిలితే 4,000 మంది దాకా పోయారని లెక్క. మా ఊరి పేరుకి మూలం మస్కోగీ భాషలో 'పాత ఊరు' అనే మాట. కొత్త చోటికి ఆ పేరు పెట్టుకున్నారు. పొలిమేర సంగతి సరే, ఊరే జరిగింది కదండీ.

నల్గొండ: తమ్ముడూ, 'జరిగింది'నా?

తుల్సా: తప్పే అక్కా. చెయ్యి అలవాటున రాసేశాను. ఇంకొకటి చెప్పాలి. 2020లో ఇక్కడి సుప్రీంకోర్టు, నేర విచారణ చట్టం వరకూ, మస్కోగీలకి ఒప్పందంలో ఇచ్చిన హద్దుల్ని ఇక్కడి చట్టసభ కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చెయ్యలేదని తీర్పిచ్చింది. తుల్సాలో చాలా భాగం ఆ హద్దుల్లోనే ఉంది. అంటే కాగితం మీద ఆ పొలిమేర జరగనూ లేదు, ఎవరూ జరపనూ లేదు.

కాకినాడ: అలాగైతే ఆ మధ్య అక్షరం 'గి' కాదు, 'పి' కాదు... వ్యతిరేకార్థంలో ఈ జంట ఎలా నడుస్తుందో కూడా రాసుకోవాలి.

తెనాలి: ముందు 'పొలి' తేల్చండి. ఎల్ల, అంటే హద్దు, నుంచి ఎల్లమ్మ వచ్చిందంటే ఒప్పుకునేవాళ్లు పొలి దగ్గర ఎందుకు ఆగుతారు?

పార్వతీపురం: కాగితాన్ని దీపానికి అడ్డంగా పట్టి మళ్లీ చూశాను. సిరా అలుక్కున్నది తడి తగిలి కాదు. ముందొక అక్షరం రాసి, దాని మీదే ఇంకోటి దిద్దారు. ఏది ముందో, ఏది తర్వాతో తెలియడం లేదు.